శాశ్వత నివాసి

జనవరి 19

గోనె సంచుల కంపెనీవాళ్లు ఏటా మా పప్పు మిల్లుకు ఒక డైరీ పంపుతారు. ఏటా మేస్త్రీ మల్లప్ప దాన్ని పట్టుకుపోయి లారీ నంబర్లు రాసుకుంటాడు. ఈసారి ఇవ్వలేదు. అడిగితే రాలేదన్నాను. అది నా టేబుల్ మీదే ఉంది, అతను చూశాడు కూడా. ఏమీ అనకుండా కందుల సంచుల వైపు వెళ్లిపోయాడు. ఆ మర్యాద కోసమే అతన్ని ఇన్నేళ్లుగా భరిస్తున్నాను.

అక్షరకు సీటు వచ్చింది. ఇంగ్లండులో, అది పుట్టిన లెస్టర్‌కు దగ్గరి ఊళ్లోనే. భూగర్భ శాస్త్రం చదువుతుందట. చిన్నప్పటి నుంచీ బండల పాలిష్ యూనిట్ల వెనక పారేసిన ముక్కలు ఏరుకొచ్చి నా వంటింటి గట్టు నింపేది. ఆ పిచ్చికి కూడా ఒక డిగ్రీ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.

పొద్దున మెయిల్ చూసి వచ్చి నా వీపుకు ముఖం ఆనించి నిలబడింది. పోపు మాడింది. నేను కదల్లేదు.

నా చెల్లెలు సంధ్య చనిపోయిన ఏడాది, దాని మొగుడు సుశాంత్ ఐదేళ్ల అక్షరను తెచ్చి తాండూరులో నా ఇంట్లో దింపాడు. "రెండేండ్లు వదినా. నేను జర కుదురుకోంగనే తీస్కపోత" అన్నాడు. ఆ రెండేళ్లు ఇంకా కాలేదు.

జనవరి 26

సీటు వస్తే సరిపోదట. ఏ ఫీజో తేలాలట. అక్కడ రెండు రకాలు. అక్కడివాళ్ల ఫీజు ఒకటి, బయటివాళ్ల ఫీజు ఒకటి. రెండోది కట్టాలంటే మిల్లు అమ్మినా చదువు సగంలో ఆగుతుంది. మొదటిదైతే అప్పు కూడా వాళ్ల సర్కారే ఇస్తుంది.

"పాస్‌పోర్టు వాళ్లదే గదనే. పుట్టింది ఆడనే. ఇంకేం గావాలె?" అన్నాను.

"పాస్‌పోర్టు ఒక్కటే నడ్వది పెద్దమ్మా. కోర్సు షురూ అయ్యేముందు మూడేండ్లు ఆడనే ఉండాలె."

"నువ్వు లేవు గద."

"అందుకే. నేను ఈడికి తాత్కాలికంగ వచ్చిన అని చూపించాలె. ఎప్పటికైనా తిరిగి పోయేదాన్నే అని. గట్లయితే ఈ ఏండ్లన్నీ లెక్కల పట్టరు."

లెక్కల్లో పట్టరట. ఆ మాట పిల్ల మామూలుగానే అంది. చపాతీ చుట్టుకుని టీలో ముంచి తింటూ అంది.

ఫిబ్రవరి 2

ఆదివారం. ఇంగ్లండు నుంచి సుశాంత్ ఫోన్. ఆదివారం మాత్రమే తండ్రయ్యే మనిషి. ఈసారి మాత్రం నిజంగా కంగారుగా ఉన్నాడు. ఇన్నేళ్లూ పిల్ల కోసం తన ఇంట్లో ఒక గది ఉంచానని, బడి ఫీజులు తనే పంపానని అతను రాస్తాడట. అది అబద్ధం కాదు. ఫీజులు పంపాడు. గది సంగతి నేను చూడలేదు.

"మీరు గూడ రాయాలె వదినా. పిల్ల మీ దగ్గర తాత్కాలికంగనే ఉన్నదని. మీరు రాస్తెనే దానికి వజన్ ఉంటది."

రాస్తానన్నాను. ఉత్త కాగితమే కదా. కరెంటు ఆఫీసుకు ఎన్ని రాయలేదు, మార్కెట్ కమిటీకి ఎన్ని రాయలేదు.

ఫిబ్రవరి 5

రాయడానికి కూర్చున్నాను. మిల్లులో బెల్టు తెగింది.

ఫిబ్రవరి 6

మళ్లీ కూర్చున్నాను. సేడం నుంచి రైతులు కందులు తెచ్చారు. తేమ ఎక్కువగా ఉందని మల్లప్ప కన్నడంలో వాళ్లతో గొడవ పెట్టుకున్నాడు. నేను కూడా వెళ్లి గొడవపడ్డాను. మనసు కొంచెం తేలికైంది.

ఫిబ్రవరి 11

వికారాబాద్ వెళ్లి వచ్చాను. పరమేశ్ వకీల్ అఫిడవిట్ టైపు చేయించాడు. నేను చెప్పింది నాలుగు ముక్కలు, అతను రాసింది రెండు పేజీలు. "సదరు మైనరు బాలిక తాత్కాలిక నివాస నిమిత్తం" అని ఎక్కడో ఉంది. సంతకం పెట్టాను. నోటరీ ముద్ర పడింది.

అక్షర కావలసిన కాగితాలన్నీ వరుసగా పెట్టి కవర్లో ఇచ్చింది. జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి తనకు మెయిల్ పెట్టించమంది. దానికి ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి, రాలేనంది. పరమేశ్ ఆ కట్ట తిరగేసి పెదవి విరిచాడు.

"నివాస పత్రం ఏది మేడం? ఏడ ఉన్నరు అని ఎవ్వరడిగినా ముందుగాల గదే చూస్తరు. తాసిల్దార్ ముద్ర లేకుంటె ఎవ్వలు నమ్ముతరు?"

నా బ్యాగులో ఉంది. ఇంటర్ అడ్మిషన్ కోసం మీసేవలో పెట్టి తీసుకున్నది. ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది, ఎందుకో తీయలేదు. జిరాక్స్ షాపు ముందు బల్ల మీద కూర్చుని చదివాను. అక్షర, తాండూరు పట్టణంలో నా ఇంటి నంబరు, నా పేరు, కింద పర్మనెంట్ రెసిడెంట్ అని. గుండ్రటి ముద్ర. తాసిల్దార్లు కూడా ఒక్కోసారి ఎంత బాగా రాస్తారు.

కట్టలో చివర పెట్టాను. ఒక కాగితం ఎక్కువైతే ఏం పోతుంది.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది.

మార్చి 9

పరీక్షలు నడుస్తున్నాయి. పిల్ల చదువుతుంటే నేను పక్క గదిలో టీవీ పెట్టను, మిక్సీ వేయను. ఇల్లంతా పుస్తకం తిప్పిన చప్పుడే. ఈ చప్పుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోయి మానేశాను.

మార్చి 27

పరీక్షలు అయిపోయాయని కోట్‌పల్లి చెరువుకు తీసుకుపోయాను. నీళ్లు బాగా వెనక్కిపోయాయి. అది పడవ ఎక్కలేదు, ఒడ్డున రాళ్లు వెతుక్కుంది. ఒకటి తెచ్చి చూపించింది. నాకు మామూలు గులకరాయిలాగే ఉంది. మంచిగుంది అన్నాను.

"నేను పోయినంక నువ్వు వండుకుంటవా పెద్దమ్మా? లేకుంటె పచ్చడేసుకుని తింటవా?"

"మొగుడు పోయినప్పుడు వండుకోలేదా నేను?"

"అప్పుడు నేను జల్దినే వచ్చిన గద."

బాల్‌రాజ్ పోయాక నేను ఏడాదిన్నర ఒక్కదాన్నే ఉన్నాను. ఆ ఏడాదిన్నర నేను ఏం తిన్నానో నాకు ఒక్కటీ గుర్తులేదు. అది వచ్చాకే మళ్లీ కూరలు గుర్తున్నాయి.

ఏప్రిల్ 10

బయటివాళ్ల ఫీజే అన్నారు.

కారణం కూడా రాశారు. మర్యాదగానే రాశారు. తండ్రి చెప్పింది, పెద్దమ్మ చెప్పింది చూశామని, అయితే మీరే పంపిన ప్రభుత్వ పత్రం ప్రకారం మీరు తాండూరులో శాశ్వతంగా నివసిస్తున్నారని, కాబట్టి ఇది తాత్కాలికంగా దూరంగా ఉండటం అనుకోలేకపోతున్నామని.

అక్షర ఫోన్‌లో ఆ కట్ట తెరిచి చివరికి జరుపుతూ పోయింది. చివరి పేజీ దగ్గర ఆగింది.

"ఇది నేను ఇయ్యలే. నువ్వు పెట్టినవా?"

"పరమేశ్ వకీల్ పెట్టుమన్నడు."

"ఇంద్ల ఏం రాసున్నదో చూడలేదా?"

"ఇంగ్లీషుల ఉండె. నాకేం ఎరుక."

నెలనెలా జీఎస్టీ కాగితాలు నేనే చదువుకుంటానని దానికి తెలుసు. నా ముఖం కాసేపు చూసింది. తర్వాత తన తప్పేనంది. పరీక్షల హడావిడిలో చూడకుండా పంపానంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఏప్రిల్ 11

చదివాను. బల్ల మీద కూర్చుని, రెండుసార్లు.

ఏప్రిల్ 12

ఎవరూ చూడని చోట కూడా అబద్ధం రాస్తే ఇక ఈ డైరీ మల్లప్పకే ఇచ్చేయడం నయం.

నిన్నగాక మొన్న ఆ మెయిల్ విన్నప్పుడు ముందు నాకు సంతోషం వేసింది. ఎక్కడో ఇంగ్లండులో, నన్నెప్పుడూ చూడని ఒకావిడో ఒకాయనో కాగితాలన్నీ ముందు పెట్టుకుని, ఈ పిల్ల ఇల్లు తాండూరే అని తేల్చారు. ఇక్కడ ఎవరూ ఆ మాట అనలేదు. బడివాళ్లు గార్డియన్ అన్నారు. చుట్టాలు "పాపం, చెల్లె బిడ్డను సాదుతున్నది" అన్నారు. సుశాంత్ రెండేళ్లు అన్నాడు. మొదటిసారి ఒక ఆఫీసు నన్ను నమ్మింది.

ఆ సంతోషం వేస్తున్నప్పుడే తలుపు అవతల పిల్ల ఏడుస్తోంది. రెండూ నాకు వినిపించాయి. ఏది ముందు వినాలో నాకు తెలిసి ఉండాల్సింది.

ఏప్రిల్ 13

సుశాంత్ ఫోన్‌లో అరిచాడు. అరవనిచ్చాను. ఒకసారి అప్పీలు పెట్టుకోవచ్చట. ఈ నెలాఖరు దాకా టైముంది. కొత్త ఆధారం ఏదైనా చూపించాలట.

"ఆధారం ఏమున్నది వదినా ఇంగ. ఉన్నయన్నీ ఇచ్చినం" అని పెట్టేశాడు.

ఏప్రిల్ 15

షాహజాది వచ్చింది. పక్కింట్లో ఉండి అక్షర గౌన్లన్నీ కుట్టిన మనిషి. పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదని గోడ మీదుగానే కనిపెట్టింది. నేను అంతా చెప్పాను. కాగితం సంగతి కూడా. ఆమె తిడుతుందనుకున్నాను.

"అక్కా, నేనైతె ఆ కాగజ్ ఫ్రేమ్ కట్టించి గోడకు కొడుతుంటి. నువ్వు నయం, బ్యాగుల పెట్టుకున్నవ్." చాయ్ తాగి కప్పు కింద పెట్టింది. "గని అక్కా, ఆ పిల్ల అమానత్, నమ్మి అప్పజెప్పిన సొమ్ము. దింపినోడు మర్చిపోయినా మనం మర్వొద్దు. నువ్వు మర్వలేదు గూడ. దాని పెట్టె యాద్ ఉందా?"

పెట్టె. ఇంగ్లండు నుంచి వచ్చిన నీలం రంగు పెట్టె. ఎప్పుడు తీసుకుపోతాడోనని దాన్ని అటక ఎక్కించలేదు. మంచం కిందే ఉంచాను. పిల్ల హైస్కూలుకు వచ్చేదాకా దాని బట్టలు అందులోనే పెట్టాను, బీరువా కొనలేదు. ఏటా మే నెలలో అన్నీ తీసి, పొట్టివి పక్కకు పెట్టి, సరిపోయేవి మళ్లీ సర్దేదాన్ని. షాహజాది ఆ పొట్టివాటికి అంచులు వేసి పెంచేది.

ఏప్రిల్ 18

రాశాను. ఈసారి బెల్టు తెగలేదు, కందులు రాలేదు.

పరమేశ్ వకీల్ మాటలు కాకుండా నావే రాశాను. పెట్టె గురించి రాశాను. ప్రతి జూన్‌లో తీసుకుపోతానని సుశాంత్ అన్నాడని, ప్రతిసారీ నేను నమ్మానని రాశాను. ఒక ఏడాది అతని పెళ్లి అడ్డొచ్చింది, తర్వాత ఉద్యోగం, తర్వాత కరోనా. నివాస పత్రం పెట్టింది నేనేనని, పిల్లకు తెలియదని, ఇక్కడ ఏ ఆఫీసు ఏది అడిగినా మేము దాన్నే పెడతామని రాశాను.

ఇంకొకటి రాశాను. వచ్చిన మొదటి నెలలో పిల్ల నన్ను అమ్మా అంది. కాగ్నా వాగు వంతెన మీద, ఆటోలో వెళ్తుంటే. నేను వద్దన్నాను. అమ్మ వేరే ఉండేది, నేను పెద్దమ్మను, నాన్న వచ్చి తీసుకుపోతాడు, అక్కడ ఇంకో అమ్మ వస్తే నీకు కష్టమవుతుంది అన్నాను. ఐదేళ్ల పిల్ల, తలూపింది. మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఈ పిల్ల నా దగ్గర ఉండిపోతుందని నేను అనుకుని ఉంటే ఆ మాట వద్దని ఉండేదాన్ని కాను. ఇదే నా ఆధారం, ఇంకేమీ లేదు అని ముగించాను.

ఏప్రిల్ 21

వికారాబాద్. పరమేశ్ చదివి కళ్లద్దాలు తీశాడు.

"మేడం, గిది అఫిడవిట్ లెక్క లేదు."

"ఏం లెక్క ఉన్నది?"

ఉన్నది ఉన్నట్టే ఇంగ్లీషులో టైపు చేయించమన్నాను. సదరు బాలిక అని ఒక్కచోట కూడా రావద్దన్నాను. ఫీజు తీసుకోలేదు. బలవంతంగా ఇచ్చాను, మొదటిసారి సలహాకు కూడా కలిపి.

ఏప్రిల్ 22

ఈసారి అక్షర ప్రతి పేజీ చదివి పంపింది. చదువుతుందని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

చదివాక కాగితాలు మళ్లీ వరుసగా సర్దింది.

"గిదంత నిజమేనా పెద్దమ్మా?"

"నిజమే."

"అంటె ఎన్నడు గూడ నన్ను ఉంచుకోవాలె అనుకోలేదా నువ్వు? పంపనీకెనే ఉంచుకున్నవా?"

కాదనాలి. కాదంటే అది పంపబోయే కాగితం అబద్ధమవుతుంది. దాని చెయ్యి అప్పటికే ఫోన్ మీద ఉంది.

"రాసింది సదివినవ్ గద" అన్నాను.

తలూపింది. ఆ తలూపడం నాకు తెలుసు. పంపేసింది.

మే 4

అన్నం తిన్నావా అంటే తిన్నానంటుంది. బయటికి వెళ్దామా అంటే ఎండ అంటుంది. ఒక్క మాట కూడా గట్టిగా అనదు. అంటే బాగుండు.

మే 23

అక్కడివాళ్ల ఫీజే. మార్చారు. పెద్దమ్మగారి వివరణ తమకు నమ్మకం కలిగించిందని, బాలిక ఈ ఇంట్లో ఉండటం మొదటి నుంచీ తాత్కాలికమేనని ఒప్పుకుంటున్నామని.

అక్షర నన్ను కౌగిలించుకుంది. థ్యాంక్స్ పెద్దమ్మా అంది. మన ఇంట్లో ఎవరూ ఎవరికీ థ్యాంక్స్ చెప్పుకోరు.

మిల్లులో అందరికీ జిలేబీ పంచాను. మల్లప్ప రెండు తిని, కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. రిపేర్లకని మిషన్లు బందు పెట్టి వారమైంది, దుమ్మెక్కడిది.

జులై 6

అటక మీది నుంచి పెద్ద పెట్టెలు దింపాం. నీలం పెట్టె చిన్నదైపోయింది. అది వద్దంది.

ఆగస్టు 17

సర్దుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. కందిపప్పు ఎంత పెట్టాలో దాని మీద కాసేపు వాదులాడుకున్నాం. ఈ నాలుగు నెలల్లో మేం మామూలుగా మాట్లాడుకున్నది ఈ పప్పు గురించే. ఇంకాసేపు నడిస్తే బాగుండుననిపించి, అవసరం లేకపోయినా ఇంకో కిలో పెట్టమన్నాను.

సెప్టెంబర్ 14

వెళ్లింది.

సెప్టెంబర్ 15

పచ్చడి వేసుకుని తిన్నాను.

సెప్టెంబర్ 24

బతుకమ్మ ఆడుకుంటూ వీధంతా ఆడపిల్లలే. షాహజాది వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది, చూసింది, వెళ్లింది. ఆమె వెళ్లాక తలుపు వేయడానికి లేవబుద్ధి కాలేదు. ఈ ఇంట్లో నాకు పని లేదు. మిల్లులో ఉంది, అక్కడికి వెళ్తాను, వస్తాను. మాట్లాడాలనిపించినప్పుడల్లా ఇంగ్లండులో టైమెంతో లెక్కవేసి, క్లాసులో ఉంటుందిలే అని మానేస్తాను.

అక్టోబర్ 8

ఆ నివాస పత్రం ఒకసారి చూడాలనిపించింది. పిచ్చే, కానీ అనిపించింది. బ్యాగులో లేదు. అక్షర కాగితాల కవరు మొత్తం మంచం మీద గుమ్మరించాను. పదో తరగతి మెమో ఉంది, టీకాల కార్డు ఉంది, నా అఫిడవిట్లు రెండూ ఉన్నాయి. అది మాత్రం లేదు.

అక్షర కోపంలో చించేసి ఉంటుంది. చించే హక్కు దానికుంది. అయినా మంచం కింద కూడా వెతికాను. నీలం పెట్టె తీసి చూశాను. బీరువా వెనక చూశాను. చీకటి పడ్డాక లైటు వేసుకోవడం కూడా మర్చిపోయి కూర్చున్నాను.

అక్టోబర్ 12

ఆదివారం. ఇప్పుడు ఆదివారం ఫోన్ నాకు వస్తోంది.

హాస్టల్ గది, చలి, ఎవరో జోయా అనే పిల్ల దోస్తు అయిందని, ఇద్దరూ కలిసి పప్పు వండారని చెప్పింది. నేను అడగొద్దనుకుంటూనే అడిగాను. ఏదో మార్కెట్ కమిటీ పనికి కావాలని అబద్ధం కూడా కలిపాను.

"నీ నివాస పత్రం కనిపిస్తలేదు బిడ్డా. ఏమన్న చూసినవా?"

అటువైపు తలుపు వేసిన చప్పుడైంది.

"నా తాన్నే ఉన్నది. పోయేముందు నీ బ్యాగులకెల్లి తీసుకున్న."

"ఆడ దేనికే అది? ఎవ్వరన్న చూస్తె మళ్ల ఫీజు మారుస్తరు."

"ఎవ్వరు మార్చరు. గోడకు పెట్టుకున్న. మంచం పక్కన." తర్వాత తనే అడిగింది. "పెద్దమ్మా, దాన్ని కావాలనే పెట్టినవ్ గద అప్పుడు?"

ఇప్పుడు పంపాల్సిన కాగితం ఏదీ లేదు.

"ఔను" అన్నాను.

"అందుకే తెచ్చుకున్న."

ఇద్దరం ఫోన్ పెట్టలేదు. అక్కడ వాన పడుతోందట, కిటికీ తీసి వినిపించింది. స్వెటర్ వేసుకోమన్నాను.